ఒక చేనుకు ఒక చుక్క

వెబ్ ఫారాల్లో గుండ్రటి చుక్కలు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాటిని రేడియో బటన్లు అంటారు. పాతకాలం రేడియోల్లో ఒక స్టేషన్ మీట నొక్కితే అంతకుముందు నొక్కిన మీట టక్కున పైకి లేచేదట, ఆ పేరు అక్కడినుంచే వచ్చిందని చదువుకునే రోజుల్లో మా సారు చెప్పాడు. ఆరు చుక్కలుంటే ఆరింట్లో ఒక్కదాన్నే నొక్కాలి. రెండోది నొక్కావా, మొదటిది ఆరిపోతుంది. పెళ్లయిందా కాలేదా, అవునా కాదా అని అడగడానికి ఇవి బాగానే పనికొస్తాయి. లోకమంతా అవునూ కాదుల్లోనే ఉందనుకునేవాళ్ల చేతిలో పడితేనే తంటా.

కర్నూలులో ఒక మందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు. అందులో కూర్చుని ఇలాంటి ఫారాలు తయారు చేయడం నా ఉద్యోగం. మా యజమానిది వేంపల్లె దగ్గర ఒక పల్లె, పొలాలున్న కుటుంబం. ముందు ఎరువుల వ్యాపారం చేశాడు, తర్వాత ప్లాట్లు అమ్మాడు, రెండూ చాలక కంప్యూటర్లలోకి దిగాడు. మనిషి కోపిష్టి కాదు. పొద్దున రాగానే "ఏమ్మా, తిన్యావా?" అని అడగనిదే కుర్చీలో కూర్చోడు. నాకు అదే కష్టం. నోరు పారేసుకునే మనిషితో పోట్లాడవచ్చుగానీ, తిన్నావా అని అడిగేవాడితో ఎట్లా పోట్లాడేది?

ఒక ఎండాకాలం చివర్లో ఆయన ఒక పని పట్టుకొచ్చాడు. పంటల బీమాకు రైతుల పేర్లు నమోదు చేసే ఒక ప్రైవేటు ఏజెన్సీకి ఫారం కావాలి. ఊరూరా ఒక ఆపరేటరు కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటాడు. రైతును అడిగి గడులు నింపుతాడు, చివర్లో రైతు వేలిముద్ర వేస్తాడు. పేరు, ఊరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ పంట. పంట దగ్గర రేడియో బటన్లు పెట్టమని ఏజెన్సీవాళ్లు రాసిచ్చారు. వేరుశనగ, కంది, పత్తి, ఆముదం, జొన్న, కొర్ర. వీటిలో ఏదో ఒకటి. అది చదివి నేను తిన్నగా ఆయన గదిలోకి పోయాను. ఎందుకు పోయానో తెలియాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. కోసిగి అవతల ఉన్న మా ఊళ్లోనే ఆమె ఇల్లు. మా ఊరివాళ్లు దీపావళి దాటితే సుగ్గికి పోతారు. సుగ్గి అంటే కూలిపని వెతుక్కుంటూ ఊరు విడిచిపోవడం. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కొందరు, బెంగళూరులో మేస్త్రీల కింద ఇటుకలు మోయడానికి కొందరు. ఉగాదికి తిరిగొస్తారు. మా అమ్మానాన్నలు ఏటా పోయేవాళ్లు, పెద్దమ్మ కూడా వాళ్లతోనే పోయేది. నన్ను బడిలో వేసిన ఏడాది ఆమె పోవడం మానేసింది. బిడ్డ దగ్గర ఒకరు ఉండాల కదా అంది. అప్పటికే పెద్దనాన్న పోయాడు, ఆమెకు పిల్లలు లేరు. నా చదువంతా ఆమె వండిన సంగటి మీదే నడిచింది. అమ్మానాన్నలు చివరికి బెంగళూరులోనే ఉండిపోయారు, నేను కర్నూలు చేరాను. పెద్దమ్మ మాత్రం ఊరు కదల్లేదు.

మిరపకాయల కోత ఎట్లుంటుందో ఆమె నాకు చిన్నప్పుడు చెప్పేది. గోనెపట్టాల గుడిసెల్లో పడుకోవడం, వేళ్లు మండి అన్నం కలుపుకోలేకపోవడం, పొరపాటున ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే పొద్దంతా ఏడుపు. ఆ కల్లంలో మళ్లీ కాలు పెట్టనని ఆమె పట్టుదల. ఆ పట్టుదలకు ఉన్న ఆధారం ఎర్రనేల చేను ఒక్కటే. వానొస్తే పండుతుంది, రాకపోతే లేదు. చేను చేతికొచ్చినంత కాలం ఆమె సుగ్గికి పోనవసరం లేదు. రెండేళ్లు వరసగా పోతే మాత్రం విత్తనానికి కూడా దిక్కుండదు. నేను ఆ ఫారం చేసేనాటికి మొదటి ఏడు అప్పటికే పోయి ఉంది.

ఆ చేనులో ఆమె ఒక పంట వేయదు. మా పక్క ఎవరూ వేయరు. గొర్రుతో బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తుతూ కొన్ని సాళ్లకొకసారి ఒక సాలు కంది పోస్తారు. గొర్రు వెనక తాడుతో కట్టిన గొట్టంలో కందులు వదలడం చిన్నప్పుడు నా పని. గుప్పిట బిగించి, వేళ్ల సందుల్లోంచి గింజ గింజగా వదలాలి. ఎక్కువ పడితే పెద్దమ్మ వెనక్కి చూడకుండానే కసిరేది, చప్పుడు బట్టి తెలిసిపోయేదేమో. వాన బాగా పడితే బుడ్డలు ఇల్లు నిలబెడతాయి. వాన మొహం చాటేస్తే కంది లోతుగా వేళ్లు తన్ని ఎట్లాగో బతికి పప్పుకైనా ఇస్తుంది. రెండూ ఒకే చేను, ఒకే దున్నకం. ఏ పంట వేశావని అడిగితే మావాళ్లు "బుడ్డల్లో కంది" అంటారు. ఆరు చుక్కల్లో ఆ మాటకు చోటు లేదు.

కాబట్టి నేను యజమానితో చెప్పాను, గుండ్రటి చుక్కలు తీసేసి చదరపు గడులు పెడదామని. చదరపు గడుల్లో ఎన్నింటికైనా టిక్కు కొట్టుకోవచ్చు. కనీసం ఒక్కటైనా కొట్టారా లేదా అని చూసుకుంటే చాలు. ఆయన ఓపికగా విన్నాడు. రిపోర్టులో పంటకు ఒకటే గడి ఉందని, ఒక సర్వే నంబరుకు ఒక పంటేనని ఏజెన్సీవాళ్ల మాట అన్నాడు. వేంపల్లెలో వాళ్ల నాన్న కూడా వేరుశనగలో కంది వేస్తాడు కదా అన్నాను. వేస్తాడు, అయితే ఏంటని అడిగాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాళ్లతో వాదించవచ్చు. నాలుగు కాళ్లున్నాయని ఒప్పుకుని మూడే రాయమనేవాళ్లతో ఏం వాదిస్తాం? నేను బయటికొచ్చి చుక్కలు పెట్టాను.

తర్వాత తనిఖీ రాయాలి. జావాస్క్రిప్టులో అది గంట పని కూడా కాదు. ఒకే పేరు పెట్టిన చుక్కలన్నింటినీ వరసగా పట్టుకుని, నిన్ను నొక్కారా, నిన్ను నొక్కారా అని ఒక్కొక్కదాన్నీ అడగాలి. ఏ ఒక్కటి అవునన్నా ఫారాన్ని ముందుకు పోనివ్వాలి. అన్నీ కాదంటే అక్కడే ఆపి, "దయచేసి ఒక పంటను ఎంచుకోండి" అని ఎర్ర అక్షరాలు చూపించాలి. అంతే తనిఖీ అంటే. ఏదో ఒకటి నొక్కారా అని చూస్తుంది, నొక్కింది నిజమా అని చూడదు. ఇంకో గుణం కూడా ఉంది ఈ చుక్కలకు. ఒకసారి ఒకటి నొక్కాక దాన్ని ఇంకోదానికి మార్చవచ్చుగానీ, ఏదీ నొక్కని స్థితికి తిరిగి రాలేం. పేజీని మళ్లీ మొదటినుంచి తెరవాల్సిందే. నేర్చుకునే రోజుల్లో ఇది నాకు వింతగా తోచేది.

ఈ తనిఖీ అసలు ఎందుకు, వేరుశనగ చుక్క ముందే నొక్కి పెట్టేస్తే పోలేదా అన్నాడు యజమాని. మన సీమలో ఎక్కువమంది వేసేది అదేనట, ఆపరేటర్లకు పని తొందరగా అవుతుందట. ఈసారి నేను గట్టిగా నిలబడ్డాను. ముందే నొక్కి పెడితే రైతును అడిగేవాడే ఉండడు, అందరికీ వేరుశనగే పడిపోతుంది, మనిషి నోటినుంచి వచ్చిన మాటే ఫారంలో ఉండాలి అన్నాను. నా గొంతు పెరిగిందేమో, పక్క గదిలో వాళ్లు తొంగిచూశారు. ఆయన నవ్వి సరేలేమ్మా అన్నాడు. పెద్దది ఓడిపోయినా చిన్నది గెలిచానని ఆ సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తిన్నాను.

ఆ ఏడు తొలకరి బాగా కురిసింది. పెద్దమ్మ విత్తనం వేసి, పేరు నమోదుకు పోయొచ్చి, ఫోన్ చేసింది. నేను చేసిన ఫారమే అని ఆమెకు తెలుసు. ఆపరేటరుతో మా పాప చేసిందే అని కూడా చెప్పుకుందట. ఏమైందో ఆమె మాటల్లోనే విన్నాను. ఏ పంట అని అతను అడిగాడు. బుడ్డల్లో కంది అంది. ఒకటే చెప్పాలన్నాడు. రెండూ ఉండాయి కదప్పా, రెండూ నొక్కు అంది. అతను పాపం మంచివాడే, తెర ఆమెవైపు తిప్పి నొక్కి చూపించాడు. వేరుశనగ నొక్కితే వెలిగింది, కంది నొక్కగానే వేరుశనగ ఆరిపోయింది. అయితే ఏదీ వద్దు, ఊరికే వదిలెయ్యి అంది. అతను పేజీ మళ్లీ తెరిచి ఖాళీగా వదిలి ముందుకు నొక్కాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. వెనక క్యూలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆమె బాగా ఆలోచించి కంది అని చెప్పింది.

ఎందుకు పెద్దమ్మా అని అడిగాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "బుడ్డలు కార్తీకానికి పెరికేస్తాం గదా పాపా. ఎవురన్నా సూసేకి వస్తే సివరికి సేన్లో నిలబడి ఉండేది కందే. బుడ్డలని రాయించి కంది సూపిస్తే నేను అబద్ధాలకోరునైతా."

ఎవరో వస్తారని, వచ్చి చూస్తారని, చూసినప్పుడు తన మాట నిలబడాలని ఆమె లెక్క. మా ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్లు. ఏది పోతే నష్టమో దాన్ని రాయించాలని ఆమెకు తట్టలేదు, ఏది చివరిదాకా ఉంటుందో దాన్ని చెప్పింది. పొలం చూసే మనిషికి పొలం భాషలో జవాబు చెప్పింది. అవతల మనిషే లేడు, నేను రాసిన తనిఖీ ఒక్కటే ఉంది. దానికి ఒక చుక్క కావాలి, దొరికింది, పోనిచ్చింది.

మర్నాడే యజమానిని అడిగాను, ఆ ఒక్క నమోదు తెరిచి మార్చవచ్చా అని. వేలిముద్ర పడ్డాక మన చేతిలో లేదమ్మా అన్నాడు. కందికి మాత్రం బీమా లేదా, ఉండాది కదా, ఏంటికి గాబరా అని ధైర్యం చెప్పాడు. ఏజెన్సీకి రాసి చూశాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే, జవాబు లేదు.

బుడ్డలు పూత బాగా పట్టాయి. సరిగ్గా పూతనుంచి ఊడలు దిగి నేలలో కాయ కట్టే వేళకు వాన ఆగిపోయింది. ఊడ నేలలోకి దిగాలంటే నేల మెత్తగా ఉండాలి. ఎర్రనేల పెంకులాగా గట్టిపడింది. పెద్దమ్మ రోజూ ఫోన్‌లో మబ్బుల సంగతే చెప్పేది. తర్వాత మబ్బుల సంగతి కూడా మానేసి, ఏం తిన్నావు, ఎప్పుడొస్తావు అని మాత్రం అడిగేది. కార్తీకంలో పెరికితే చెట్టుకు నాలుగు బుడ్డలు, అవీ గింజలేని లొట్టలు. పశువుల మేతకు అమ్మేసింది. కంది మాత్రం నిలబడింది. ఆలస్యంగా ఒక వాన పడితే పూసింది, కాసింది, ఆ కొన్ని సాళ్లలోనే బాగా కాసింది. దాన్ని చూసి సంతోషపడని ఏడు ఆమె బతుకులో అదొక్కటే అయి ఉంటుంది.

బీమా వచ్చినవాళ్ల పేర్లు పడ్డాయి. వేరుశనగ అని రాయించినవాళ్లకు వచ్చింది. కందికి నష్టం లేదు కాబట్టి కంది రైతులకు రాలేదు. పెద్దమ్మ చేనంతా కాగితం మీద కంది. ఆ కాగితం లెక్కన, సాళ్ల మధ్య ఎండిపోయిన బుడ్డలు అసలు విత్తనే లేదు ఆమె.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎన్నిసార్లు మింగినా గొంతు దిగని మాట. వేరుశనగ చుక్క ముందే నొక్కి పెట్టి ఉంటే ఆ ఆపరేటరు దాన్ని ముట్టుకునేవాడు కాదు. పెద్దమ్మకు బీమా వచ్చేది. మనిషి నోటినుంచి వచ్చిన మాటే ఉండాలని నేను పోట్లాడి గెలిచాను చూడండి, ఆ గెలుపే ఆమెకు తగిలింది. నేను తప్పు చేశానని రాయడం లేదు. ఇప్పుడు అడిగినా ముందే నొక్కిన చుక్క వద్దనే అంటాను. అడ్డగోలు పని మధ్యలో ఒక్క సరైన పని చేస్తే అది కూడా అడ్డంగానే తిరుగుతుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరిని తిట్టాలో తెలియక ఆ నెలంతా దొరికినవాళ్లనల్లా తిట్టాను.

యజమానిని కూడా వదల్లేదు. ఆయన గదిలోకి పోయి, నేను ముందే చెప్పాను, మీరు వినలేదు అన్నాను. ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. టీ తెప్పించాడు. మీ పెద్దమ్మే కదా కంది అని చెప్పింది, వేలిముద్ర కూడా ఆమెదే కదా అన్నాడు. తర్వాత, ఒక తెలివైన మాట గుర్తొచ్చినట్టు ముందుకు వంగాడు.

"మా నాయన సేనుకు నేను రెండు ముక్కలని వేయించినామ్మా. సర్వే నంబరు పక్కన ఒకటి, రెండు అని రాసి, ఒకదాంట్లో శెనక్కాయ, ఒకదాంట్లో కంది. నువ్వు కూడా మీవోళ్లకు చెప్పింటే అయిపోయేది గదా."

సర్వే నంబరు గడిలో ఏం రాసినా ఫారం ముందుకు పోతుంది. దానికి తనిఖీ పెట్టమని నన్నెవరూ అడగలేదు. ఆయన దాన్ని దాచలేదు, సిగ్గుపడనూ లేదు. ఇంటి ఆడపిల్లకు చెప్పినట్టు ప్రేమగా చెప్పాడు. రెండు పంటలకు ఫారంలో చోటు లేదని ఆయనకు తెలుసు, కాబట్టి తన చేనును ముక్కలు చేసుకుని చోటు చేసుకున్నాడు. చోటే చేయమని నేను అడిగినప్పుడు మాత్రం రిపోర్టులో గడి లేదన్నాడు. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసని ఊరికే అంటారు. ఈ కాకికి బాగా తెలుసు. టీ అక్కడే వదిలేసి వచ్చాను. ఉద్యోగం వదల్లేదు, అది కూడా చెప్పాలి.

పెద్దమ్మను కర్నూలు వచ్చి నాతో ఉండమన్నాను. రాదని తెలిసే అడిగాను. విత్తనాలకు డబ్బులు నేను పంపుతానన్నాను. "నీ దుడ్లతో ఇత్తితే అది నీ సేను అయితాది గానీ నాది యాడయితాది?" అంది. కోపంగా అనలేదు. కంది కొట్టి ఇంటికి చేర్చిన వారానికి, గుంటూరు పోయే గుంపులో తన పేరు కూడా చెప్పిందని పక్కింటివాళ్లు నాకు ఫోన్ చేశారు. సెలవు పెట్టి ఊరికి పోయాను.

నేను పోయేసరికి తెల్లవారి ఎండ వస్తోంది. ఊరి బయట బొలెరో నిలబడి ఉంది. మూటలు, బొచ్చెలు, జొన్నపిండి సంచులు పైన కడుతున్నారు. ఎక్కేవాళ్లంతా నా వయసువాళ్లు, నాకంటే చిన్నవాళ్లు. వాళ్ల మధ్య పెద్దమ్మ ఒక్కతే తల నెరిసిన మనిషి. పొమ్మని చెప్పేవాళ్లూ, వద్దని చెప్పేవాళ్లూ ఎవరూ లేరు. మా ఊళ్లో సుగ్గికి పోవడం ఎవరికీ వింత కాదు, వాకిట్లో నిలబడి ఏడ్చే అలవాటు కూడా పోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆమె ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. తర్వాత ఒక గుడ్డసంచి ఇచ్చింది. లోపల కందిపప్పు. విసిరి, చెరిగి, రాళ్లేరి తెచ్చింది. ఆ ఏడు చేనులో బతికిన పంట అదే. ఆ బతకడమే ఆమెను ఈ బండి ఎక్కిస్తోందని ఆమెకు తెలియదనుకుంటాను. తెలిసినా ఇచ్చేది.

బండి ఎక్కడానికి ఆమెకు కాలు లేవలేదు. నేను నడుము పట్టి ఎక్కించాను. పక్క బల్ల మీద సర్దుకుని కూర్చున్నాక, ఏదో మర్చిపోయినట్టు కిందికి వంగింది.

"వచ్చే ఏడు ఏది సెప్పాల పాపా? బుడ్డలా, కందా?"

వానలొస్తాయని, తిరిగొస్తానని, విత్తుతానని ఆమెకు అనుమానమే లేదు. నేను చేసిన ఫారంలో ఏది నొక్కించాలో నేను చెప్తే చాలు. ఏం చెప్పను? కొత్త ఏడుకు కూడా ఏజెన్సీవాళ్లు అవే చుక్కలు పెట్టమన్నారు, నేను మళ్లీ అడిగాను, మళ్లీ కాదన్నారు. తెలిసిన దారి ఒక్కటే, అది ఆయన చెప్పిన దారి. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

"రెండు ముక్కలని రాయిద్దాం పెద్దమ్మా. ఒక ముక్కలో బుడ్డలు, ఒక ముక్కలో కంది."

ఆమె నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు గొట్టంలో గింజలు ఎక్కువ పోసినప్పుడు కసిరినట్టు కసురుతుందేమో అనుకున్నాను. కసరలేదు.

"నా సేను ఒకటే గదా పాపా," అంది. "నడిమిట్లో గట్టు యాడుండాది?"

డ్రైవరు హారన్ కొట్టాడు. పెద్దమ్మ కొంగు తీసి, మిరపచేన్లో దిగేవాళ్లు కట్టుకున్నట్టు ముక్కూ నోరూ బిగించి కట్టుకుంది. బండి ఇంకా కదలనే లేదు.